విరుగుడు అనే మాట మీద నా తగాదా

మా తమ్ముడి రక్తాన్ని బెంజీన్ తాగేసిందని మా చుట్టాలు చెప్పుకుంటారు. పెళ్లి బంతుల్లో పప్పు వడ్డించే లోపు ఈ కథ ఒక్కసారైనా వస్తుంది. నేను ఆ చుట్టుపక్కల కనిపిస్తే మాత్రం మాట మధ్యలో ఆగిపోతుంది, ఎందుకంటే నేను ఊరుకోనని అందరికీ తెలుసు.

ఊరుకోను. ఆ కథ తప్పు. బెంజీన్‌కు అంత సీన్ లేదు. ఆరు కార్బన్లు చేతులు పట్టుకుని గుండ్రంగా కూర్చున్న పదార్థం అది. ఆ పట్టు విడిపించడం అంత తేలిక కాదు. ఎక్కువ పీలిస్తే తల తిప్పుతుంది, మత్తెక్కిస్తుంది, నిజమే. కానీ మా వాడి ఎముకల్లోకి దూరి రక్తం పుట్టే చోటును దెబ్బతీసింది డ్రమ్ములో ఉన్న బెంజీన్ కాదు. దెబ్బతీసినవి వేరే, అవి డ్రమ్ములో లేవు. వాటిని తయారు చేసింది మా తమ్ముడి ఒళ్లే. పట్టుకుని, విరగ్గొట్టి, విషం చేసింది.

ఈ మాట విని షెడ్డు ఓనరు సంతోషపడక్కర్లేదు. ఒళ్లు తన పని తాను చేసింది. ఆ పనికి సరుకు మోసి ఊపిరితిత్తుల్లో పోసింది ఎవరు? అది వేరే తగాదా, ఆయనతో విడిగా పడ్డాను. ఇక్కడ నా తగాదా ఒక్క మాటతో.

నాది మేడ్చల్‌లో పాల బూత్. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి పాకెట్లు అమ్ముతున్నావా అని అడిగే పెద్దమనుషులు వారానికి ఒకరైనా తగులుతారు. పాలు కూడా కెమిస్ట్రీయే, ఎండాకాలం నాలుగు గంటలు కరెంటు పోతే తెలుస్తుంది అని చెప్పి చిల్లర చేతిలో పెడతాను. తమ్ముడు నాకంటే ఏడేళ్లు చిన్న. వాణ్ని చంకనేసుకుని తిరిగి తిరిగి నా నడుము ఒక పక్కకు వంగిందని ఇప్పటికీ వాడితోనే అంటుంటాను. వాడూ మరదలూ ఉండేది శామీర్‌పేటలో. పని చేసింది మా ఇద్దరి ఇళ్లకూ మధ్యలో, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఒక రేకుల షెడ్డులో. ట్యూబులకూ చెప్పులకూ పూసే జిగురు సొల్యూషన్ అక్కడ తయారు చేస్తారు. డ్రమ్ములో రబ్బరు ముక్కలు వేసి, పైన థిన్నర్ పోసి, కరిగేదాకా కలిపి, చిన్న డబ్బాల్లో నింపుతారు. ఆ థిన్నర్‌లో ఏముంది? డ్రమ్ము మీద పేరుండదు. ఎవరూ అడగరు.

నేను అడగాల్సింది. వాడు పని దిగి బూత్ ముందు బండి ఆపితే చొక్కా నుంచి ఒక తియ్యటి వాసన వచ్చేది. ఆ వాసన నాకు తెలుసు. మా కాలేజీ ల్యాబులో వెనక బీరువా తెరిస్తే అదే వచ్చేది. సీసా మీద బెంజీన్ అని రాసి ఉండేది. వాడి చొక్కా వాసన చూసి నాకు కాలేజీ గుర్తొచ్చేది, స్నేహితురాళ్లు గుర్తొచ్చేవారు, లోపల్లోపల సంబరం కూడా అనిపించేది. బెంజీన్ అనే పేరు మాత్రం రెండేళ్లు నా నోట రాలేదు. ఊళ్లో అందరినీ నిలదీసే నా నోరు అక్కడే మూతపడింది.

షెడ్డులో ఒక ఆచారం ఉంది. పని దిగే ముందు ఒక్కొక్కరికి గ్లాసు పాలు, చిన్న బెల్లం ముక్క. కెమికల్‌కు విరుగుడు అని. ఈ చుట్టుపక్కల ఇలాంటి పనిచోట్ల చాలావాటిలో ఇదే పద్ధతి. ఆ పాలు నా బూత్ నుంచే వెళ్లేవి. తీసుకుపోవడానికి వచ్చేది చాచా. సూరారం నుంచి రెండు బస్సులు మారి పనికి వచ్చే పెద్దాయన, మా తమ్ముడిలాగే డబ్బాలు నింపే పని. సంచీ నా బల్ల మీద పెట్టి రోజూ ఒకే మాట.

"బేటీ, జహర్‌కా తోడ్ దేదో."

"మేం విరుగుడంటం చాచా."

"వహీచ్, వహీచ్."

ఆయన తోడ్ అన్నా నేను విరుగుడన్నా ఒకటే. తోడ్‌నా అంటే విరగ్గొట్టడం. విరుగుడులోనూ ఉన్నది విరగడమే. పక్కపక్కనే బతుకుతూ రెండు భాషలు మాట్లాడే వాళ్లం విషం గురించి ఒకే నమ్మకం పెట్టుకున్నాం: విరిగితే చస్తుంది. ఈ పోలిక దొరికినందుకు అప్పుడు నేను మురిసిపోయాను కూడా. చాచాకు రోజూ ఒక పాకెట్ ఎక్కువే వేసేదాన్ని.

ఇగ అసలు సంగతి. షెడ్డు సరుకు కొనే కంపెనీ ఒకటి పనివాళ్లకు పరీక్షలు చేయించాలని పట్టుబట్టింది. వ్యాను వచ్చి అందరి మూత్రం చిన్న సీసాల్లో పట్టుకుపోయింది. కొన్నాళ్లకు తలా ఒక కాగితం ఇచ్చారు. చదివి చెప్పినవాడు లేడు. ఒంట్లోంచి ఎంత బయటికి పోయిందో ఇందులో ఉంటుందని మాత్రం సూపర్‌వైజర్ చెప్పాడట. ఇంకేముంది, పదో తరగతి మార్కుల్లా పక్కపక్కన పెట్టి చూసుకున్నారు.

ఆ సాయంత్రం తమ్ముడు బండి స్టాండ్ కూడా సరిగా వేయకుండా దిగాడు.

"అక్కా, షెడ్డు మొత్తంల ఫస్ట్ నేనే!"

"దేంట్లరా?"

"విషం ఎల్లగొట్టుట్ల. ఇగో సూడు, నెంబర్ పక్కన హెచ్ అని గూడ ఏసిండ్రు. హెచ్ అంటే హెల్దీ. చాచా కాయితం మీద హెచ్చే లేదు. పాపం, విషం లోపల్నే కూసున్నది, ఇంకో గ్లాస్ పాలు తాగు చాచా అని మస్తు నవ్వినం."

"హెచ్ అంటే హై రా, హౌలే."

"హై అయితే మంచిదే గద. ఎక్కువ బయటికి వోయింది."

వాడి వాదంలో ఎక్కడా లొసుగు కనిపించలేదు. బయటికి పోయింది అన్నప్పుడు ఎక్కువ పోతే మంచిదే కదా. బీఎస్సీ చదివిన నేనూ రెండు నిమిషాలు అలాగే నమ్మాను. ఆ రెండు నిమిషాల్లో వాడి చెయ్యి చూడకపోయి ఉంటే పూర్తిగా నమ్మేసేదాన్నేమో. మోచేతి కింద అరచేతంత కమిలిన మచ్చ.

"ఇదేంది?"

"డబ్బా తాకింది."

"డబ్బా తాకితే గింత కములుతదా?"

"ఈ మధ్యల ఏది తాకినా గట్లనే అయితాంది. పళ్లు తోముతుంటే గూడ జర రక్తం వస్తాంది. బ్రష్ గట్టిది."

బ్రష్‌ది తప్పు, డబ్బాది తప్పు. కాగితాన్ని నా దగ్గరే ఉంచుకుని వాణ్ని పంపేశాను. అందులో పరీక్షించిన పదార్థం పేరు మ్యూకోనిక్ ఆసిడ్. నా పాత పుస్తకం అటక మీద నుంచి దింపాను. బెంజీన్‌ను నైట్రిక్ ఆమ్లంతో కలిపితే ఏమవుతుంది, క్లోరిన్‌తో కలిపితే ఏమవుతుంది, అన్నీ ఉన్నాయి. మనిషితో కలిపితే ఏమవుతుందో ఒక్క ముక్క లేదు. మూడేళ్లు ఆ వలయం బొమ్మ గీసి గీసి మార్కులు తెచ్చుకున్నాం, అది మన ఒంట్లో ఏ దారి పడుతుందో అడగాలని ఒక్కరికీ తోచలేదు. అప్పుడు బూత్‌లో కూర్చుని, వచ్చినవాళ్లకు పాకెట్లు అందిస్తూ, ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను.

నాకు అర్థమైనంత చెప్తాను. బెంజీన్ నీళ్లలో సరిగా కరగదు. నీళ్లలో కరగనిదాన్ని మూత్రంలో పంపడం ఒంటికి కష్టం. అందుకని కాలేయం దాన్ని పట్టుకుని ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది, పట్టు సడలి తేలిగ్గా కరిగి పోతుందని. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఆక్సిజన్ తగిలిన క్షణం నుంచి, ఎవరి జోలికీ పోకుండా కూర్చున్న ఆ వలయం కుదురుగా ఉండలేదు. కొంత ఫీనాల్ అవుతుంది, ఫీనాల్‌లో కొంత హైడ్రోక్వినోన్ అవుతుంది. అది రక్తంలో ప్రయాణం చేసి ఎముక మజ్జకు చేరుతుంది. అక్కడ, క్రిములను చంపడానికి తెల్లకణాలు దాచుకునే ఒక ఎంజైము దాన్ని మళ్లీ మార్చి బెంజోక్వినోన్ చేస్తుంది. ఇది దొరికినదాన్నల్లా అంటుకునే రకం. ప్రోటీను దొరికితే ప్రోటీను, డీఎన్ఏ దొరికితే డీఎన్ఏ. అంటే మనల్ని కాపాడే పనిముట్టుతోనే, రక్తం పుట్టే చోటే, విషం తయారవుతుంది. ఇంకో దారిలో అయితే వలయమే పుటుక్కున విరిగి పొడుగాటి ముక్క అవుతుంది. ఆ ముక్క కూడా కనిపించినదానికల్లా అతుక్కునేదే. అతుక్కోకుండా మిగిలినదే చివరికి మ్యూకోనిక్ ఆసిడ్‌గా మూత్రంలో పడుతుంది.

అదే మా తమ్ముడి ఫస్ట్ ర్యాంకు. విషం ఎంత చచ్చిందో ఆ నెంబరు చెప్పదు. ఒంట్లో ఎంత పడింది, ఎంత విరిగింది, అది చెప్తుంది. పొగ గొట్టంలోంచి పొగ ఎక్కువ వస్తోందంటే లోపల మంట పెద్దదని అర్థం. మేం పొగను చూసి చప్పట్లు కొట్టాం.

మర్నాడు చాచా రాలేదు, పాలకు తమ్ముడే వచ్చాడు. నా అదృష్టమో ఏమో, మధ్యాహ్నం కరెంటు పోయి, టీ కోసం పొయ్యి మీద పెట్టిన పాలు అప్పుడే విరిగాయి. గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టి నేనే అడిగాను.

"ఇదేంది?"

"పాలు విరిగినయ్."

"విరిగితే మంచిగయినట్టా, ఖరాబయినట్టా?"

"ఖరాబే గద."

"మరి నీ ఒంట్ల విరిగింది మంచిదని ఎవడు జెప్పిండురా?"

వాడు గిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నా తమ్ముడే కదా, ఊరికే ఒప్పుకోడు.

"పాలు విరుగుడు, విషం విరుగుడు ఒకటేనా? మాట ఒకటైతే సంగతి ఒకటయితదా? అయినా విరిగిన పాలతోని కలాకంద్ జేస్తరు, తెల్వదా నీకు? పాలు అమ్ముతున్నవ్!"

"కలాకంద్ తినిపిస్త తియ్. ముందు రక్తం పరీక్ష జేయించుకో."

"ఎందుకు పరేషాన్ జేస్తున్నవ్? రోజు నీ పాలే తాగుతున్న గదా అక్కా. నీ పాలల్ల దమ్ము లేదంటవా?"

ఎంత నోరున్న మనిషికైనా ఎక్కడో ఒక చోట తగులుతుంది. నాకు అక్కడ తగిలింది. పాలు పోసింది నేను, విరుగుడని పేరు పెట్టి పోసింది నేను. ఆ గ్లాసు లేకపోతే వాడు ఎప్పుడో ఒక రోజు భయపడేవాడు. నా పాలు వాడి కాలేయానికి ఏమీ చేయలేదు కానీ, భయాన్ని మాత్రం చక్కగా విరగ్గొట్టాయి.

పోట్లాడితే వాడు రాడు. అందుకని వాడి గొప్పనే పట్టుకున్నాను. "సరే, మూత్రంల ఫస్ట్ వచ్చినవ్. రక్తంల గూడ వస్తవో లేదో సూద్దాం పా" అన్నాను. వచ్చాడు! ల్యాబులో చెయ్యి చాపి కూర్చుని, సూది తీసే అమ్మాయితో కూడా తన నెంబరు చెప్పాడు.

మూడు రకాల కణాలూ తక్కువున్నాయి. ఎర్రవి, తెల్లవి, ప్లేట్‌లెట్లు. ఆ కాగితం చూపిస్తే డాక్టరమ్మ మొదట ఏదో జ్వరం వచ్చి తగ్గాక ఇలా అవుతుంది, ఐరన్ మాత్రలు వాడండి అంది. నేను లేవలేదు. మూత్రం కాగితం తీసి రక్తం కాగితం పక్కన పెట్టి, "రెండూ కలిపి చదవండి మేడమ్, విడివిడిగా చదివితే రెండూ అబద్ధమే చెప్తయ్" అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది, కళ్లలో కనిపించింది. కానీ చదివింది. చదివాక గొంతు మారింది. ఏం పని చేస్తావు, డ్రమ్ముకు ఎంత దూరంలో కూర్చుంటావు, తాగుతావా అని వాణ్నే అడిగింది.

"కల్లే మేడమ్. రోజు పని దిగినంక ఒక సీసా. ఒంట్ల వేడి దిగనీకి."

బెంజీన్‌కు మొదటి ఆక్సిజన్ తగిలించే ఎంజైము, రోజూ తాగేవాళ్ల కాలేయంలో పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. బెంజీన్ విరగడం ఇంకా జోరుగా సాగుతుంది. మా వాడు ఒక విరుగుడని పాలు తాగాడు, అది దేనికీ పనికిరాలేదు. ఇంకో విరుగుడని కల్లు తాగాడు, అది విరగ్గొట్టేవాడి చేతికి సుత్తి ఇచ్చింది.

తర్వాత మజ్జ తీసి పరీక్ష చేయాలన్నారు. మరదలు నా కొంగు పట్టుకుంది.

"వదినె, మజ్జ అంటే ఏంది?"

"మూలుగ."

"మూలుగ బొక్కల ఉంటది చూడు, అదేనా?"

మటన్ వండితే మూలుగ బొక్క వాడికే పడాలి, గిన్నెకు కొట్టి కొట్టి జుర్రుకుంటాడు. అదేనని చెప్పాను. వాడి నడుము దగ్గరి ఎముకలోంచి సూదితో తీస్తుంటే నేనూ మరదలూ తలుపు బయట నిలబడ్డాం. వాడు లోపలి నుంచి "అక్కా, నల్లి బొక్క తీస్తుండ్రు, మసాలా నూరి పెట్టు" అని అరిచాడు. తను నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నన్నే తిట్టింది, మీ ఇంటోళ్లందరికీ గిదే నోరు అని.

క్యాన్సర్ లేదన్నారు. కణాలు పుట్టడం మందగించింది, పని మానేస్తే కోలుకునే అవకాశం ఉంది అన్నారు. ఆ రోజే పని మాన్పించాను. మాన్పించాను అంటున్నాను కానీ, వాడు మూడు రోజులు వాదించాడు. నాలుగో రోజు నా దగ్గర కలాకంద్ తిని ఒప్పుకున్నాడు.

షెడ్డుకు పాలు ఆపేశాను. అప్పుడు జరిగింది నేను ఊహించలేదు. ఓనరుకు కాదు, పనివాళ్లకు కోపం వచ్చింది. తమ్ముడికి బాగాలేకపోతే మా విరుగుడు ఎందుకు ఆపాలి అని. చాచా ఖాళీ సంచీతో వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"బేటీ, దూద్ బంద్ కర్దియే?"

"అది తోడ్ కాదు చాచా. ఇన్నిదినాలు నేను కూడా తప్పు చెప్పిన."

నెంబరు సంగతి, హెచ్ సంగతి చెప్పాను. తన నెంబరు ఎందుకు తక్కువ వచ్చిందో ఆయనకు అంతుపట్టలేదు, తనదీ అదే పని.

"తో మేరా కమ్ కైకు ఆయా? మై భీ వహీ కామ్ కర్తా."

"నువ్వు ఎక్కడ కూసుంటవ్?"

"దర్వాజే కే పాస్. అందర్ ఊపిరాడదు నాకు."

"వాడు?"

"డ్రమ్ కే పాస్."

"నీ తోడ్ గాలి చాచా. పాలు కాదు, గాలి."

ఆయన కల్లు ముట్టడు కూడా, కానీ ఆ మాట నేను అనలేదు. తలుపు గాలి ఎంత కాపాడిందో, తాగకపోవడం ఎంత కాపాడిందో నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పే అలవాటు నాకు లేదు. వారం తిరక్కుండానే చాచా అందరితో కలిసి బల్లలన్నీ షట్టరు దగ్గరికి లాగించాడు. నేను వెళ్లి ఓనరుతో నా వంతు గొడవ పడి వచ్చాను. మేం రోజూ పాలిస్తున్నాం మేడమ్, అదీ మీ బూత్‌వే అన్నాడు మహానుభావుడు. అవి విరుగుడు కావని నేనే రాసిస్తాను, గోడకు అంటించుకోండి అన్నాను. రాసిచ్చాను కూడా. పెద్ద ఫ్యాన్లు పెట్టి, పేరు రాసి ఉన్న డ్రమ్ములు దింపాకే పాలు మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు సంచీలో పాకెట్ల మీద ఒక అట్టముక్క పెడతాను, నా చేతిరాతతో: "ఈ పాలు ఆకలికే. విరుగుడుకు కాదు." ఆ డ్రమ్ముల మీది పేరు నిజమో కాదో వచ్చే పరీక్షలో చాచా కాగితం చూసి తేల్చుకుంటాను.

తమ్ముడు ఇప్పుడు శామీర్‌పేట రోడ్డు మీద ఒక నర్సరీలో పని చేస్తున్నాడు. మందులు కొట్టే పని ముట్టనని ముందే ఒప్పందం చేసుకున్నాడు, ఆ మాత్రం నేర్చుకున్నాడు. కల్లు మానేశాడు. కణాలు మెల్లగా పెరిగాయి, మచ్చలు పోయాయి. మూడు నెలలకోసారి రక్తం చూపించుకోవాలి. కిందటిసారి కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏ నెంబరు పక్కనా ఏ అక్షరమూ లేదు. "ఫెయిల్ అయిన అక్కా, ఒక్క హెచ్ గూడ రాలే" అన్నాడు. ఇద్దరం నవ్వాం. టీ తాగాం.

టీ అయిపోయాక గ్లాసు కింద పెడుతూ వాడు ఒకటి అడిగాడు. బెంజీన్ ఒంట్లో ఎన్నాళ్లో ఉండదని, అది ఎప్పుడో పోయిందని వెంటనే చెప్పాను. వాడు అడిగింది దాని గురించి కాదు. అది విరిగిన ముక్కలు మూలుగలో దేన్ని అంటుకున్నాయో, ఆ అంటుకున్న చోట రక్తం పుట్టించే ఏ కణం మీద గీత పడిందో, అది రేపు క్యాన్సర్ అవుతుందో, దాని సంగతి. డాక్టరమ్మను అడిగితే చూస్తూ ఉండాలి అంది. ఎన్నాళ్లు చూడాలి అంటే మళ్లీ అదే మాట అంది. ఇంకో పెద్దాసుపత్రిలో అడిగాను, పుస్తకాలు చదివాను, ఫోన్‌లో కళ్లు పోయేదాకా వెతికాను. నోటితో గెలవలేని ప్రశ్న నాకు ఇదొక్కటే మిగిలింది. అందుకే వాడు అడిగింది అడిగినట్టే ఇక్కడ రాస్తున్నాను, తెలిసినవాళ్లు ఎవరైనా సూటిగా చెప్పండి:

"అక్కా, అది నిజంగ పోయిందా, లేకపోతే లోపల్నే సప్పుడు జేయకుంట కూసున్నదా?"